చలి లేని ఊళ్లో చల్లటి చేతులు

‘కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి’ అన్న మాట తెలుగిళ్లలో వినడానికే భయం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే మాట అది. కానీ కొందరికి రోజూ, ఏడాది పొడవునా కాళ్లూ చేతులూ చల్లగానే ఉంటాయి. కొందరిలో అది ఒంటి తీరు. మరికొందరిలో రక్తంలోనో, థైరాయిడ్‌లోనో, రక్తనాళాల్లోనో మొదలైన లోపానికి తొలి కబురు. ఏది ఏదో తెలుసుకోవడమే అసలు సంగతి.

మండపేటలో చలికాలమంటే ధనుర్మాసపు తెల్లవారుజామున పొలాల మీద కమ్మే మంచు, సంక్రాంతికి ముందు భోగి మంట... అంతే. ఆ పది పదిహేను రోజులు దాటితే మళ్లీ ఉక్కపోతే. అలాంటి ఊళ్లో నలభై ఏళ్ల ఇల్లాలు ఒకామెను ఊహించుకోండి. మే నెలలో ఇంటిల్లిపాదీ ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటుంటే ఆమె పాదాలు మాత్రం దుప్పట్లో ఉంటాయి. జడ వేస్తుంటే కూతురు ‘అబ్బ, నీ చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయమ్మా’ అంటుంది. ‘చలవ చేసి ఉంటుందే అమ్మాయ్, రాత్రిపూట మజ్జిగ మానెయ్’ అని అత్తగారి సలహా. అరికాళ్లకు కాసింత శొంఠిపొడి రుద్దుకోవడం కూడా అయింది. చివరికి ‘నా ఒళ్లే అంత’ అని ఆమే సరిపెట్టుకుంటుంది. అలా ఏళ్లు గడిచిపోతాయి.

ఇలాంటివాళ్లు అరుదేమీ కాదు. ఊటీలోనో కాశ్మీరులోనో ఉన్నవాళ్లు చలి మీద నెపం వేయొచ్చు. గోదావరి డెల్టాలో ఆ వీలు లేదు. చలి లేని చోట చేతులు చల్లబడుతున్నాయంటే కారణాన్ని బయట కాదు, ఒంట్లో వెతకాలి.

వేడి ఎక్కడికి పోతుంది?

మన ఒంట్లో వేడిని మోసుకెళ్లేది రక్తమే. గుండె, మెదడు, కాలేయం వంటి ముఖ్యమైన అవయవాలు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. ఏ కాస్త వేడి తగ్గుతుందనిపించినా శరీరం ముందు వాటిని కాపాడుకుంటుంది. అందుకోసం వేళ్లు, ముక్కు కొన, చెవుల వంటి చివరి భాగాల్లోని సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం అటు వెళ్లడం తగ్గి, చేతులు చల్లబడతాయి. కాలవలో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు శివారు పొలాలకు అందనట్టే ఇదీ.

ఈ బిగింపు నాడుల చేతిలో ఉంటుంది. భయం, ఆందోళన కలిగినా ఇదే జరుగుతుంది. పరీక్ష హాల్లో పిల్లల చేతులు చల్లబడి చెమటలు పట్టేది అందుకే. ఆడవాళ్లలో ఈ స్పందన కాస్త ఎక్కువ. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1998లో పరిశీలించినప్పుడు స్త్రీల చేతులు పురుషుల చేతుల కంటే దాదాపు మూడు డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లగా ఉన్నట్టు తేలింది. సన్నగా ఉండేవాళ్లు, బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించేసినవాళ్లు కూడా చలికి తొందరగా వణుకుతారు.

చిన్నప్పటి నుంచీ రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేలా చల్లగా ఉండి, నొప్పి, రంగు మార్పు, పుండ్లు, నీరసం వంటివేవీ లేకపోతే పెద్దగా దిగులు పడాల్సిన పని లేదు. కొత్తగా మొదలైనా, పెరుగుతున్నా, ఒకవైపే ఉన్నా, ఇతర లక్షణాలు తోడైనా మాత్రం కారణం తెలుసుకోవాల్సిందే.

మొదటి అనుమానం రక్తహీనత

మన దగ్గర చల్లటి చేతులున్న ఆడవాళ్లలో ముందుగా చూడాల్సింది హిమోగ్లోబిన్. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి పది మందిలో దాదాపు ఆరుగురు. ఇంతమందికి ఉండటం వల్లే ఇది జబ్బులా కనిపించదు. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం, జుట్టు రాలడం, తల తిరగడం... అన్నీ ‘ఇంటి పనితో మామూలే’ అనిపిస్తాయి.

హిమోగ్లోబిన్ తగ్గితే కణాలకు ప్రాణవాయువు అందడం తగ్గుతుంది. వేడి పుట్టాలంటే ప్రాణవాయువు కావాలి. ఉన్న కొద్దిపాటి రక్తాన్నీ శరీరం ముఖ్యమైన అవయవాలకే మళ్లిస్తుంది. దాంతో చర్మం పాలిపోయి వేళ్లు చల్లబడతాయి. గర్భిణులు కాని స్త్రీలలో డెసిలీటరుకు 12 గ్రాములు, పురుషుల్లో 13 గ్రాముల కంటే హిమోగ్లోబిన్ తక్కువైతే రక్తహీనత ఉన్నట్టే. ఒక్కోసారి హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఫెరిటిన్ పరీక్షలో అది బయటపడుతుంది.

టానిక్కు తాగితే సరిపోదు, ఇనుము ఎటు పోతోందో చూడాలి. నెలసరిలో అధిక రక్తస్రావమా? వెంటవెంటనే కాన్పులా? చెప్పుల్లేకుండా బురదలో నడిచేవాళ్ల పాదాల నుంచి లోపలికి చేరే కొంకిపురుగులు పేగుల్లో తిష్ఠ వేసి రక్తం పీలుస్తున్నాయా? మగవాళ్లలో, నెలసరి ఆగిన స్త్రీలలో ఇనుము తగ్గిందంటే మరింత జాగ్రత్త అవసరం. మొలలు, కడుపులో పుండు, పేగు క్యాన్సర్ వంటి వాటివల్ల తెలియకుండా రక్తం పోతుండొచ్చు.

ఇనుము మాత్రలను నిమ్మరసంతోనో నీళ్లతోనో వేసుకుంటే బాగా ఒంటబడతాయి. కాఫీ, టీ, పాలతో వేసుకుంటే సగం వృథా. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడనక్కర్లేదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు వాడాలి. కాస్త ఓపిక రాగానే మానేయడమే చాలామంది చేసే పొరపాటు. మునగాకు, తోటకూర, రాగులు, పప్పులతోపాటు తినేవాళ్లయితే మాంసం, కార్జం కూడా మేలు చేస్తాయి.

థైరాయిడ్ మందగిస్తే

రెండో అనుమానం థైరాయిడ్. మెడ ముందుభాగంలో ఉండే ఈ గ్రంథి ఒంటికి పొయ్యి లాంటిది. అది మందగిస్తే మంట తగ్గుతుంది. వేళ్లే కాదు, ఒళ్లంతా చలిచలిగా అనిపిస్తుంది. అందరూ ఫ్యాను వేయమంటుంటే వీళ్లు తీసేయమంటారు. తిండి పెరగకుండానే బరువు పెరగడం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, బొంగురు గొంతు, మతిమరుపు, నెలసరి తేడాలు దీని గుర్తులు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. టీఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్షతో ఇది దాదాపు తేలిపోతుంది.

చికిత్స రోజుకో చిన్న మాత్ర. వేసుకునే పద్ధతిలోనే తేడా వస్తుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకూ కాఫీ కూడా తాగకూడదు. నిద్ర లేస్తూనే కాఫీ గ్లాసు పట్టుకునే అలవాటున్న ఇళ్లలో ఇది కష్టమే. ఇనుము, క్యాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తహీనత, థైరాయిడ్ రెండూ ఉన్నవాళ్లు రెండు మాత్రలూ కలిపి మింగేసి ‘ఎంత వాడినా తగ్గడం లేదు’ అనడం మామూలే.

తెలుపు, నీలం, ఎరుపు

కొందరికి ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టినా, ఏసీ బస్సెక్కినా వేళ్లు ఒక్కసారిగా పాలిపోతాయి. కాసేపటికి నీలిరంగుకు తిరుగుతాయి. వెచ్చబడగానే ఎర్రబడి సలుపుతాయి. ఎక్కడివరకు పాలిపోయిందో గీత గీసినట్టు కనిపిస్తుంది. 1862లో మారిస్ రేనాడ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ లక్షణాలను తన పరిశోధనా పత్రంలో వివరించాడు. ఆయన పేరుతోనే దీన్ని రేనాడ్స్ అంటున్నారు. చామనఛాయ, నల్లటి చర్మంలో ఈ రంగులు అంత స్పష్టంగా తెలియవు కాబట్టి గోళ్లు, అరచేయి చూడాలి. మార్పు వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి డాక్టర్‌కు చూపిస్తే సగం పని అయినట్టే.

ఇది రెండు రకాలు. పదిహేను, ముప్ఫై ఏళ్ల మధ్య మొదలై, రెండు చేతులకూ సమానంగా వస్తూ, పుండ్లు పడనిది మొదటి రకం. ఇబ్బందే గానీ ప్రమాదం లేదు. ముప్ఫై, నలభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా, ఒక చేతికే వచ్చినా, వేలి కొసలు పుండ్లు పడుతున్నా రెండో రకాన్ని అనుమానించాలి. దాని వెనక లూపస్, స్క్లీరోడెర్మా వంటి జబ్బులుండొచ్చు. కీళ్లనొప్పులు, నోట్లో పుండ్లు, ఎండకు ముఖం మీద దద్దుర్లు, చర్మం బిగుసుకుపోవడం వంటివి తోడైతే ఏఎన్ఏ పరీక్ష, కీళ్లవాత నిపుణుల సలహా అవసరం. బాధ ఎక్కువగా ఉంటే రక్తనాళాలను వదులు చేసే నిఫెడిపిన్ వంటి మందులు ఇస్తారు.

చేసే పని కూడా కారణం కావచ్చు. సముద్ర తీరం వైపు రొయ్యల శుద్ధి కేంద్రాల్లో మహిళలు గంటల తరబడి ఐసు కలిపిన రొయ్యలను ఒలుస్తుంటారు. బండలు కోసే యంత్రాలు, డ్రిల్లింగు మిషన్లు పట్టుకునేవారి వేళ్లు ఏళ్ల తరబడి అదురుకు గురవుతుంటాయి. వీళ్లకు వేళ్లు తెల్లబడటం, తిమ్మిరెక్కడం మొదలైతే ఆ పని సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

చుట్ట, బీడీ... కాలి మీదికి

గోదావరి లంకల్లో పండే పొగాకుకు చుట్టల ప్రియుల్లో పేరుంది. చుట్టయినా బీడీ అయినా సిగరెట్టయినా అందులోని నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ఏళ్ల తరబడి కాలిస్తే కాళ్ల ధమనుల్లో పూడిక పేరుకుంటుంది. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది, మళ్లీ నడిస్తే మళ్లీ పట్టేస్తుంది. ‘వయసు మీద పడింది’ అనుకుంటారు గానీ, అది కాలికి రక్తం చాలడం లేదన్న ఫిర్యాదు. ఆ కాలు రెండోదాని కంటే చల్లగా ఉంటుంది. పాదం మీద వెంట్రుకలు రాలిపోతాయి, చర్మం నున్నగా మెరుస్తుంది, చిన్న గాయం కూడా మానదు.

పాతికేళ్ల నుంచి నలభై అయిదేళ్ల లోపు పొగతాగే మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది బర్గర్స్ వ్యాధి. 1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ అనే వైద్యుడు, శస్త్రచికిత్సతో తీసేసిన కాళ్లలోని రక్తనాళాలను పరిశీలించి దీన్ని వివరించాడు. కాలి వేళ్లు, చేతి వేళ్లలోని నాళాలు వాచి మూసుకుపోతాయి. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి, వేళ్లు నల్లబడటం, చివరికి వేలు తీసేయాల్సి రావడం... ఇదీ దాని దారి. దీన్ని ఆపే మార్గం పొగాకును పూర్తిగా మానడం ఒక్కటే. ‘తగ్గించాను, రోజుకు రెండే’ అంటే కుదరదు. నమిలే పొగాకు, గుట్కాల్లోనూ నికోటిన్ ఉంటుంది. మానాలనుకునేవారు 1800 112 356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సాయం పొందొచ్చు.

కాలిలో, చేతిలో బీపీలను పోల్చి చూడటం, డాప్లర్ స్కాన్... ఈ రెంటితో రక్తప్రసరణ ఎలా ఉందో తెలిసిపోతుంది. తొలి దశలోనే పసిగడితే నడక వ్యాయామం, మందులు, అవసరమైతే స్టెంటుతో కాలిని దక్కించుకోవచ్చు.

చల్లగా ఉండటం వేరు, అనిపించడం వేరు

ఒక చిన్న పరీక్ష. పాదాలు చల్లగా ఉన్నాయన్నప్పుడు ఇంట్లో మరొకరు తాకి చూడాలి. వాళ్లకూ చల్లగానే తగిలితే రక్తప్రసరణ సంగతి చూడాలి. వాళ్లకు వెచ్చగా తగులుతుంటే నాడుల్లో తేడా ఉండొచ్చు. మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పినవాళ్లలో నాడులు దెబ్బతిని పాదాలు చల్లగానో, మంటగానో, దూది మీద నడుస్తున్నట్టుగానో అనిపిస్తాయి. విటమిన్ బి12 తగ్గినా ఇలాగే ఉంటుంది. శాకాహారుల్లో, మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవాళ్లలో ఈ లోపం ఎక్కువ. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చలుంటే కుష్ఠును కూడా చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

అసలు ప్రమాదం చిట్కాలతోనే. చల్లగా ఉన్నాయి కదా అని స్పర్శ లేని పాదాలను వేడినీళ్లలో పెడితే కాలుతున్న సంగతి తెలియదు. పొద్దుటికి బొబ్బ, వారానికి పుండు, నెలకు కాలు తీసేసే పరిస్థితి. మధుమేహం ఉన్నవాళ్లు వేడినీళ్ల సంచి, హీటర్, నిప్పుల కుంపటి దగ్గర కాళ్లు కాచుకోవడం పూర్తిగా మానాలి. స్నానం నీళ్లను కూడా ముందు మరొకరు చేయి పెట్టి చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ప్రదక్షిణలో వట్టికాళ్లతో బండల మీద నడవడమూ ఇలాంటిదే.

వాడుతున్న మందులు కూడా చూసుకోవాలి. బీపీకి, గుండెదడకు వాడే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలతో కొందరికి చేతులు చల్లబడతాయి. పార్శ్వనొప్పికి వాడే ఎర్గోటమిన్, ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని మాత్రలు కూడా రక్తనాళాలను బిగిస్తాయి. అలాగని సొంతంగా మానేయకూడదు. బీపీ మాత్రను హఠాత్తుగా ఆపితే గుండెకే ముప్పు. డాక్టర్‌కు చెబితే మార్చి ఇస్తారు.

క్షణం ఆగకూడని వేళలు

రోజూ ఉండే చల్లదనం వేరు, ఉన్నట్టుండి వచ్చేది వేరు. ఈ నాలుగు సందర్భాల్లో 108కి ఫోన్ చేయాల్సిందే.

ఒక కాలు లేదా చేయి హఠాత్తుగా విపరీతంగా నొప్పెట్టి, పాలిపోయి, చల్లబడి, తిమ్మిరెక్కితే నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. దాదాపు ఆరు గంటల్లోపు ప్రసరణ తిరిగి మొదలవ్వాలి. లేకపోతే కాలు దక్కడం కష్టం. రుద్దడం, కాపడం పెట్టడం లాంటివి చేస్తూ పొద్దు పుచ్చకూడదు. మండపేట నుంచి అయితే నేరుగా రాజమహేంద్రవరమో కాకినాడో పెద్దాసుపత్రికి చేరడమే మేలు.

డెంగీ జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య తగ్గుముఖం పట్టినప్పుడు కాళ్లూ చేతులూ చల్లబడి చెమట పడితే షాక్‌లోకి వెళుతున్నట్టు. జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయంలోనే ఇది జరుగుతుంది. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, కడుపునొప్పి, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఛాతీలో బరువు, నొప్పితోపాటు చల్లటి చెమట పడితే గుండెపోటేమో చూడాలి. మధుమేహానికి మందులు వాడేవారికి వణుకు, చల్లటి చెమట, కంగారు వస్తే షుగర్ పడిపోయినట్టు. తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు

ఎప్పటి నుంచి మొదలైంది, రెండువైపులా ఉందా, రంగు మారుతోందా, నడిస్తే నొప్పి వస్తోందా, నెలసరి ఎలా ఉంది, పొగాకు అలవాటుందా, ఏ మందులు వాడుతున్నారు... ఈ వివరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళితే పని సులువవుతుంది. సాధారణంగా సీబీపీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, షుగర్, అవసరాన్ని బట్టి బి12 పరీక్షలతో మొదలుపెడతారు. మిగతావి లక్షణాలను బట్టి మాత్రమే. అన్నీ ఒకేసారి చేయించుకుని డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు.

పరీక్షలన్నీ సవ్యంగా ఉంటే అది ఒంటి తీరే. అలాంటివాళ్లు చేతుల కంటే ముందు ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలి. నడుము, ఛాతీ వెచ్చగా ఉంటే శరీరం వేళ్లకూ రక్తాన్ని పంపిస్తుంది. పడుకునేటప్పుడు మరీ బిగుతుగా లేని నూలు మేజోళ్లు, ఏసీలో పలచటి శాలువా, ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టినవి తీసేటప్పుడు ఓ గుడ్డ చాలు. చేయి చల్లబడితే భుజం నుంచి గుండ్రంగా నాలుగుసార్లు తిప్పినా, చంకలో పెట్టుకున్నా వెచ్చబడుతుంది. రోజూ అరగంట నడక, వేళకు కడుపునిండా తిండి. ఇక అత్తగారు మాన్పించిన మజ్జిగ... దాన్ని మళ్లీ నిక్షేపంగా తాగొచ్చు.